చిటికెడు పాలగుండ

కారు నగర్‌నార్ దగ్గర ఆగిపోయిందన్న కబురు టపా బస్సు డ్రైవరు మోసుకొచ్చాడు. ముందురోజు సాయంత్రం ఒరిస్సా జైపూర్ వైపు నుంచి వస్తూ చూశాడట. బొగ్గు గ్యాసుతో నడిచే కారట, వెనకాల బిగించిన పొయ్యిలో నిప్పు ఆరిపోయిందట, మెడకు మఫ్లరు చుట్టుకున్న పెద్దమనిషొకడు గొడుగు చంకలో పెట్టుకుని కారు డ్రైవరుకి బొగ్గులు రాజెయ్యడం నేర్పుతున్నాడట. ఆయనే, అన్నాను. అంతవరకు నేనాయన్ని చూసి ఎరగను. ఎదుటివాళ్ళ పనిలో వేలు పెట్టే మనిషిని పోల్చుకోవడానికి నేను మొహం చూడక్కర్లేదు. నేనూ ఆ కోవకు చెందినదాన్నే.

విజయనగరం షావుకారాయన. మా పాలగుండ కార్ఖానాలో పెట్టుబడి పెట్టాలా వద్దా తేల్చుకోవడానికి వస్తున్నాడు. కార్ఖానా అనగానే పొగగొట్టం ఊహించుకోవద్దు. గీదం బజారు దాటాక వాగు ఒడ్డున రెండు గడ్డిపాకలు, ఇరవై బానలు, పది నూరుడు రాళ్ళు, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. అంతే. అయినా మాది చిల్లర బేరం కాదు. బస్తాల లెక్కన జగదల్‌పూర్ కొట్లకు, అక్కణ్ణించి కోస్తాకు టోకున పంపేవాళ్ళం.

జ్వరంపడి లేచినవాడికి పాలగుండ జావ కాచివ్వని తెలుగిల్లు లేదు. ఆ తెల్లటి పొడి ఎక్కడ పుడుతుందని అడిగితే మాత్రం కొట్లో అంటారు. అది బస్తరు అడవిలో పుడుతుంది. పసుపు మొక్కలాంటి మొక్క, అక్కడి హల్బీ భాషలో తీఖుర్ అంటారు. చలికాలంలో ఆకు ఎండిపోయాక దుంప తవ్వాలి. తొక్క గీకి, రాతిమీద నూరి, నీళ్ళలో కలిపి, గుడ్డలో వడగట్టి బానలో ఉంచితే పిండి అడుక్కి దిగుతుంది, పచ్చటి నీళ్ళు పైకి తేలతాయి. ఆ నీళ్ళు కాకరకాయ కూడా సిగ్గుపడేంత చేదు. వాటిని వంచేసి కొత్తనీళ్ళు పొయ్యాలి. మళ్ళీ వంచాలి, మళ్ళీ పొయ్యాలి. ఏడుసార్లు అలా చేస్తే గాని చేదు విరగదు. తరవాత ఎండ.

అది యుద్ధకాలం. సీమ నుంచి వచ్చే ఆరోరూటు డబ్బాలు ఆగిపోయాయి. మద్రాసు ఆస్పత్రులకు సరుకు అందించే షావుకార్లు పాలగుండ కోసం కొండలన్నీ గాలిస్తున్నారు. అలా మా పేరు ఆయన చెవిన పడింది. ఉత్తరాలు నడిచాయి. మా సరుకు మొత్తం తనే కొంటానని, పెంకుటి పాక వేయిస్తానని, సిమెంటు తొట్లు కట్టిస్తానని రాశాడు. కాని కళ్ళతో చూశాకే.

మాకు ఆయన ఎంత అవసరమో ఆయనకి తెలియనివ్వకూడదని నేను మా ఆయనకి వారం రోజులుగా నూరిపోస్తున్నాను. అంతకుముందు ఏడాది మాఘమాసంలో ఒక మధ్యాహ్నం వాన పడి, ఎండబెట్టిన పిండి మొత్తం చాపలమీదే జిగురైపోయింది. ఇంకొక్కసారి అలా జరిగితే కార్ఖానా ఉండదు. మా ఆయన సంస్థానంలో రోడ్ల ఓవర్సీయరు పని మానుకుని నా మాట మీద ఇందులో దిగిన మనిషి. షావుకారు కాదంటే రాయపూర్‌లో ఏదో గుమాస్తా ఉద్యోగం చూసుకుంటానని మెల్లిగా అన్నాడు. ఆయన మెల్లిగా అన్నవన్నీ జరిగిపోతుంటాయి. నేను మద్రాసులో రసాయనశాస్త్రం చదివింది రాయపూర్‌లో వక్కలు కత్తిరించడానికి కాదు కదా. అంచేత ఆ కారు మీద నా ప్రాణం వేలాడుతోంది.

కారు వచ్చేలోగా ఆ రెండు రోజులూ నేను నేలమీద నడవలేదు. పాకలు అలికించాను. రాళ్ళు కడిగించాను. గుడ్డలు ఉడకబెట్టించాను. మా పనివాళ్ళకు పెద్దగా ఒక అవ్వ ఉండేది. తర్రెం అవతలి ఊరి దోర్ల తెగ మనిషి, వాళ్ళవాళ్ళతో దోర్లీ, బజారులో హల్బీ, ఫారెస్టు గార్డుతో హిందీ, నాతో దోర్లీ కలిసిన తెలుగు మాట్లాడేది. నాలుగు భాషల్లోనూ తక్కువే మాట్లాడేది. ఈ సీజనులో దిగిన పిండిలో అన్నిటికన్నా మంచిది విడిగా తీసి పెట్టమని ఆమెకి చెప్పాను. పెట్టిన్నని చెప్పింది. చూశాను. పాక మూల, ఎత్తు పీట మీద, చిన్న కొత్త కుండ, మీద టేకాకు కప్పి నారతో కట్టి ఉంది. ఆకు అంచు కొద్దిగా ఎత్తి చూస్తే మల్లెపువ్వుల్లాంటి పిండి. నా షావుకారు కోసం ఎంత శ్రద్ధగా పెట్టిందో అని మురిసిపోయాను.

రెండో రోజు మధ్యాహ్నం కారు వచ్చింది. రావడమంటే, ముందు పొగ, తరవాత చప్పుడు, ఆ తరవాత కారు. బజారంతా వెనకాలే వచ్చింది. దిగినాయన యాభై ఏళ్ళ సన్నపాటి మనిషి. చెవులకి రవ్వల పోగులు, చేతిలో సొంత మంచినీళ్ళ కూజా. నమస్కారం పెట్టి, కుశలమైనా అడక్కుండా నేరుగా వాగులోకి దిగి నీళ్ళు అరచేతిలో పట్టి వాసన చూశాడు. పైన ఏ ఊరుందన్నాడు. ఏ ఊరూ లేదు, అడవే అన్నాను. పశువుల్ని తోలుకురారా అన్నాడు. కింది రేవుకి తోలతారన్నాను. తల ఊపాడు. నిజం చెప్పాలంటే నాలో ఉన్నది భయం కాదు. పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం చేతికిచ్చినప్పటి ఆత్రం. అడగవయ్యా, ఇంకా అడుగు, అనిపించింది.

అడిగాడు. గుడ్డ ఏ మిల్లుది, బానలు ఎక్కడ కాలుస్తారు, నూరేవాళ్ళకి చేతి గాజులెందుకు లేవు. ఆ ఆఖరి ప్రశ్నకి నేను జవాబు చెప్పేలోపే నూరుతున్న పిల్లొకతె, గాజు పగిలి పిండిలో పడితే నువ్వు ఏరతవా అని దోర్లీలో అంది. నేను తెలుగు చేశాను. ఆయన మొదటిసారి నవ్వాడు. మా ఆయన నావంక చూశాడు. ఇద్దరికీ ఒకటే అనిపించింది, పని అయిపోయిందని.

అప్పుడు షావుకారు పీట వేయించుకుని కూర్చున్నాడు. రెండేళ్ళ కిందట ఎవరో ఆయనకి సుద్ద కలిపిన పిండి అమ్మారట. తెలియక అది ఆస్పత్రికి పంపాడట. రోగులకు కడుపులు చెడిపోయి, ఆయన మొహం చూపించలేకపోయాడట. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో బేరగాడు లేడు. అప్పణ్ణించి ఒక నియమం పెట్టుకున్నాడు.

"తిండిసరుకు ఏదైనా చేసిన చెయ్యి నా ముందు తినాలమ్మా," అన్నాడు. "బెల్లంవాడు బెల్లం తింటాడు, నూనెవాడు నూనె నాకుతాడు. మీ ఆడవాళ్ళలో ఒకరు చిటికెడు నోట్లో వేసుకుంటే చాలు. కాగితాలు ఇప్పుడే రాసుకుందాం."

అంతేనా అనుకున్నాను. అవ్వా, ఇటు రా, కొంచెం తిని చూపించు, అన్నాను.

అవ్వ కదల్లేదు. "తినం," అంది.

నవ్వుతూనే మళ్ళీ చెప్పాను. ఈసారి ఆమె చేతులు కడుక్కుని లేచి నిలబడింది.

"కొత్త కాలే దొరసానమ్మా. పెద్దోళ్ళకు పెట్టలే. మేమెట్ట తింటం?"

కొత్తల పండగ సంగతి నాకు తెలియక కాదు. చిక్కుడైనా, మామిడైనా, ఇప్పపువ్వైనా, దుంపైనా, ఆ ఏటి కొత్తపంట ముందు చనిపోయిన పెద్దలకు పెట్టాలి. ఆ పండగ అయితేగాని నోట పెట్టరు. దుంపల కొత్తకి ఇంకా నాలుగు రోజులుంది. ఇన్నేళ్ళుగా ఆ రోజు సెలవిస్తున్నదాన్ని, తెలియకేం. కాని అది వాళ్ళ ఇళ్ళకి సంబంధించిన విషయమని, నా కార్ఖానాకి కాదని అనుకున్నాను. ఆయన నాలుగు రోజుల ముందు వస్తాడని, వచ్చి ఇదే అడుగుతాడని నాకేం తెలుసు? మిగతావాళ్ళని అడిగాను. పద్దెనిమిది మందీ ఒకే మాట. పోయిన ఏటి పిండి ఉంది, అది తింటామన్నారు. దానికి షావుకారు ఒప్పుకోలేదు. తను కొనేది పోయిన ఏటిది కాదు కదా అన్నాడు. ఆ తరవాత మా ఆయన వైపు వంగి, నాకు వినపడేంత గుసగుసగా అన్నాడు.

"వండినవాళ్ళు నోట పెట్టనంటున్నారంటే ఏమనుకోమంటారు ఓవర్సీయరు గారూ?"

ఇక నన్నెవరు ఆపుతారు? ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. మీ ఇంట్లో మహానైవేద్యం వండే వంటాయన ఉప్పు రుచి చూసి వండుతాడా అని అడిగాను. చూడడన్నాడు. మరి ఆ పులిహోరలో విషముందని ఎవరైనా అన్నారా అన్నాను.

"నేను పులిహోర వ్యాపారం చెయ్యనమ్మా," అన్నాడాయన, చాలా మర్యాదగా.

గంటసేపు వాదించాను. పిండిపదార్థం స్వభావం చెప్పాను, అయొడిను చుక్క వేస్తే నీలంగా మారుతుందని చెప్పాను, సుద్ద ఉంటే నిమ్మరసానికి పొంగుతుందని, కావాలంటే నిమ్మకాయ పిండి చూపిస్తానని అన్నాను. ఆయన అన్నీ విన్నాడు. నిమ్మరసంతో బయటపడే సుద్ద ఒకటే కాదు కదమ్మా లోకంలో కలిపేది అన్నాడు. అదీ నిజమే. ఎదుటివాడు నిజం మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. కారు డ్రైవరు అప్పటికే పొయ్యిలో బొగ్గులు వేస్తున్నాడు. ఆ పొగ చూడగానే నా కళ్ళముందు రాయపూర్ కనబడింది.

చేసిన చెయ్యేగా కావాలి, కార్ఖానా నాది, తినేది నేను, అన్నాను. యజమానులు అమ్మకం కోసం సుద్దయినా తింటారని ఆయన అనేలోపే మూలకి వెళ్ళాను. ఎత్తు పీట మీది కొత్త కుండ, దానిలో ఉన్నదే అన్నిటికన్నా మంచి పిండి. నార తెంపి, ఆకు తీసి, చిటికెడు తీసి అందరూ చూస్తుండగా నాలిక మీద వేసుకున్నాను.

ముందు రాళ్ళు ఆగాయి. పది రాళ్ళు ఒకేసారి ఆగితే వాగు చప్పుడు ఎంత పెద్దగా వినిపిస్తుందో అప్పటిదాకా నేను ఎరగను. నూరుతున్న పిల్ల చేతులు దులుపుకుంది. వడగడుతున్నవాళ్ళు గుడ్డ బాన అంచుమీద ఆరేశారు. ఎవరూ అరవలేదు, ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది, తిరిగి తిట్టడం నాకు చేతనవును.

"ఎంగిలి జేసినవ్," అంది అవ్వ. "అది నీ షావుకారికి గాదు. పెద్దోళ్ళది."

అప్పుడు వెలిగింది నాకు. మంచిది తీసి పెట్టమన్నాను. తీసి పెట్టింది. మొదటి బానలో మొదట దిగిన పిండి ఎవరిదో ఆమెకి చెప్పాల్సిన పనే లేదు, అది పెద్దలకు పెట్టేది. నాకోసం పెట్టిందని నేను ఎలా అనుకున్నానో ఆమెకి ఇప్పటికీ అర్థం కాదు. నాకూ అర్థం కాదు. పీట మీద, ఆకు కప్పి, నార కట్టి ఉన్న కుండని చూసి ఏ తెలుగింటి ఆడది అది నైవేద్యమని పోల్చుకోదు? కిందటి క్షణంలో నైవేద్యం గురించి అంత ధాటిగా వాదించినదాన్ని, దానిలోనే చెయ్యి పెట్టాను.

పద్దెనిమిది మందీ బుట్టలు తీసుకుని వరసగా వెళ్ళిపోయారు. ఆ ఏడు తొట్టతొలిసారి కార్ఖానా పగటిపూట ఖాళీ అయింది. మా ఆయన గోడకి చేరగిలబడ్డాడు. నేను షావుకారు వైపు చూడలేదు. ఎప్పుడెళ్ళిపోతాడా, తలుపేసుకుని ఏడుద్దామా అని ఎదురుచూస్తున్నాను.

ఆయన మాత్రం పీట మీంచి లేవలేదు. వాళ్ళు ఎందుకు వెళ్ళిపోయారని అడిగాడు. చెప్పాను. దాచడానికి ఏముంది. ఇప్పుడేమవుతుందన్నాడు. తెలియదన్నాను. వెళ్ళి కనుక్కోండి అన్నాడు. అన్న తీరు చూస్తే కథ మధ్యలో ఆపితే ఊరుకోని పిల్లాడిలా ఉన్నాడు. కారు పొయ్యి ఆర్పించేశాడు.

వాళ్ళ వాడకి వెళ్ళాను. అవ్వ, వాళ్ళ పూజారి, ఇంకా ఇద్దరు పెద్దలు కూర్చున్నారు. నన్ను కూర్చోమన్నారు. అరగంట మాట్లాడుకుని తప్పుకి దండుగ తేల్చారు. ఒక కోడి, ఒక కుండ జీలుగు కల్లు. అవి ఇచ్చేయగలను. కాని అసలు శిక్ష తరవాత ఉంది. చెడిన కుండకు మారుగా ఇంకో కుండ కావాలి. అది ఎవరి చెయ్యి చెడగొట్టిందో ఆ చెయ్యే చెయ్యాలి. దుంప తవ్వడం నుంచి. అది అయ్యేదాకా పండగ జరగదు. పండగయ్యేదాకా వాళ్ళెవరూ రాయి ముట్టరు.

నేను వాదించబోయాను. బానల్లో నానుతున్న పిండి నీళ్ళు మార్చకపోతే పులిసిపోతుందన్నాను.

"మీ ఆయన లేడా ఏంది?" అంది అవ్వ. "రెండు చేతులున్నయిగా."

ఈ మాటలన్నీ తిరిగొచ్చి చెబితే షావుకారు ఎన్ని రోజులు పడుతుందన్నాడు. వారం పైనే. ఆయన మఫ్లరు సర్దుకున్నాడు. పది ఊళ్ళు తిరిగానమ్మా, అందరూ తోమిపెట్టిన బానలే చూపించారు, దుంప నుంచి బస్తా దాకా ఎవరూ చూపించలేదు, నేను ఉంటాను, అన్నాడు. సామాను డాక్ బంగళాలో దింపించాడు.

మర్నాటి నుంచి నా బతుకు చూడాలి. తెల్లారగానే గునపం భుజాన వేసుకుని అవ్వ వెనకాల కొండెక్కాను. మంచుకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎండిన ఆకు చూసి దుంప ఎక్కడుందో చెప్పాలి. నేను మూడుసార్లు అడవిపసుపు తవ్వాను. వెంట వచ్చిన ఆడవాళ్ళు పని చెయ్యరు గాని చూడటానికి మాత్రం అందరూ వచ్చారు. దొరసాని గునపాన్ని కలం పట్టుకున్నట్టు పడుతోందని ఒకతె అంటే, అందుకే మట్టిమీద రాస్తోంది, తవ్వడంలేదు అని ఇంకొకతె. పగలబడి నవ్వుకున్నారు. కోపం రావాలి నాకు. రాలేదు. మధ్యాహ్నానికి బుట్ట నిండింది, నేనూ నవ్వుతున్నాను. షావుకారు కొండ కింద గొడుగు వేసుకుని నిలబడి, ఎన్ని దుంపలు దొరికాయమ్మా అని కేకేసి అడుగుతున్నాడు.

గీకాను, నూరాను. సాయంత్రానికి అరచేతులు బొబ్బలెక్కాయి. వడగట్టాను. అవతలి పాకలో మా ఆయన పంచె ఎగగట్టి ఇరవై బానలకి రెండుపూటలా నీళ్ళు మారుస్తున్నాడు. ఓవర్సీయరు చేసినప్పుడు కూడా ఆయన అంత హుషారుగా లేడు. ఏ బానకి ఎన్నో నీళ్ళో గోడమీద బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. నా కుండకి మాత్రం గీతలు లేవు. నేనే గుర్తుపెట్టుకోవాలి.

నాలుగో రోజుకి ఏడు నీళ్ళయ్యాయి. పిండి తెల్లగా ఉంది. అయిపోయిందని అవ్వని పిలిచాను. పండగ కాలేదు గనక రుచి చూడటానికి లేదు. ఆమె తడిపిండి చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ చెవి దగ్గర పెట్టుకుంది.

"అరుస్తలే," అంది.

ఏమిటి అరవంది? షావుకారు కూడా పీట జరుపుకుని దగ్గరికొచ్చాడు. అవ్వ మాకు చెప్పలేదు, చూపించింది. అవతలి పాక బానల్లో బాగా కుదిరిన పిండి కొంచెం తెచ్చి నా చెవి దగ్గర నలిపింది. కిర్రుమంది, కొత్త చెప్పులు నడిచినట్టు. ఆ తరవాత నాది నలిపింది. మెత్తగా, చప్పుడు లేకుండా జారింది. ఇంకా చేదునీరు ఉంది దానిలో. పిండి శుద్ధి అయితే అరుస్తుంది, లేకపోతే నోరు మూసుకుంటుంది. ఇన్నేళ్ళూ వాళ్ళు పండగకి ముందు నాలిక పెట్టకుండానే చేదు విరిగిందో లేదో ఎలా తెలుసుకుంటున్నారో నేను ఒక్కసారైనా అడగలేదు. మద్రాసులో నాకెవరూ చెప్పని రసాయనశాస్త్రం ఇది.

షావుకారు మఫ్లరు విప్పేశాడు. చెవిపోగు పక్కకి జరుపుకుని, వంగి, తనే నలిపి విన్నాడు. ఒకటికి పదిసార్లు విన్నాడు. ఇది, అది. మళ్ళీ ఇది.

"బియ్యప్పిండి కలిపితే అరుస్తుందా మామ్మా?" అని అడిగాడు. అంతవరకు ముసలిదాన్ని అడగండి, ముసలిదాన్ని పిలవండి అంటూ వచ్చిన మనిషి. నేను దోర్లీలోకి మార్చి చెప్పాను.

అవ్వ ఆలోచించింది. అలా ఎవరైనా ఎందుకు కలుపుతారని తిరిగి అడిగింది. ఎక్కువ తూగుతుంది కదా అన్నాడు. "పెద్దోళ్ళకు దొంగపిండి పెడ్తరా మీ ఊళ్ళె?" అంది. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను ఆ మాట మార్చకుండా ఉన్నదున్నట్టు చెప్పాను. షావుకారు వేళ్ళకంటిన పిండి తుడుచుకున్నాడు. తరవాత మా ఆయనతో అన్నాడు, యజమానురాలు చిటికెడు తింటేనే పని వదిలేసిపోయిన వాళ్ళు ఇందులో ఇంకేదో కలపనిస్తారా, నేను ఆ రోజే లేచి వెళ్ళిపోయుంటే ఎంత మూర్ఖుణ్ణయ్యేవాణ్ణి, అని. నా ఎదుటే అన్నాడు. నేను ఆ గంటసేపు అరిచినదానికన్నా వాళ్ళు నోరు మెదపకుండా వెళ్ళిపోవడమే ఆయనకి జవాబైందన్నమాట.

తొమ్మిదో నీటికి నా పిండి కిర్రుమంది. నేను పాకలో గంతేశాను, నిజంగా. నలభైకి దగ్గరపడుతున్న ఆడది, చీర మోకాళ్ళదాకా తడిసి, పిండి వేళ్ళు చెవి దగ్గర పెట్టుకుని గంతులు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఎండలో ఆరాక కొత్తల పండగ జరిగింది. పూజారి నా కుండలోంచి పిండి తీసి టేకాకుల్లో పెద్దల పేర పెట్టాడు. తరవాత ఆ పిండితోనే పాలు లేకుండా, బెల్లం నీళ్ళతో జావ కాచారు. ఆడవాళ్ళందరూ తాగారు, షావుకారు ఎదురుగానే. ఆయన అటు చూడనైనా లేదు. తన దొప్ప పట్టుకుని ఇంకొంచెం పొయ్యమ్మా అంటున్నాడు. నాకు అందరి తరవాత పోశారు. తప్పు చేసినవాళ్ళు చివర తాగాలట. ఎలా ఉందంటారా? వేడిగా ఉంది. ఆత్రంలో నాలిక కాల్చుకున్నాను, ఇంకేం తెలుస్తుంది రుచి.

మర్నాడు పాకలో కాగితాలు రాసుకోవడానికి కూర్చున్నాం. నేను కలం తీసుకుని సిద్ధంగా ఉన్నాను. వారం రోజులుగా మనసులో తయారుచేసుకున్న షరతులు నా దగ్గర ఒక డజనున్నాయి. ఆయన నన్ను అడగలేదు. అవ్వని పిలిపించి చాప వేయించాడు. పెట్టుబడి పెడతానని, కాని ఆమె చెవి పెట్టి విని సరేనంటేనే బస్తా మూతి కట్టాలని చెప్పాడు. ఆమె ఒప్పుకుంది గాని, ఇప్పపువ్వు రాలే రోజుల్లో తామెవరూ రాము, అడవికి పోతామంది. ఆ రోజుల్లో మూసేద్దామన్నాడు. సిమెంటు తొట్లంటే ఆమె తల అడ్డంగా ఊపింది. తొట్టి అడుక్కి చెయ్యి అందదు, చెయ్యి అందనిదాని సంగతి నేనెట్ట చెప్తనంది. ఆ తొట్ల కోసం నేను ఆర్నెల్లు కలలు కన్నాను. నమూనాలు గీసి ఆయనకి పంపాను. లేచి వాదించాను. సిమెంటు ఎంత శుభ్రమో, ఎంత సరుకు పడుతుందో లెక్కలు చెప్పాను. ఇద్దరూ నా మాట పూర్తిగా విని, యాభై బానలు రాసుకోమన్నారు. పెంకుటి పాక మాత్రం మొదట అనుకున్నట్టే ఉంచారు. ఆయన తెలుగు ఆమెకి సగం తెలియదు, ఆమె మాట ఆయనకి సగం తెలియదు. మధ్యలో ఇటుదటు, అటుదిటు చేర్చడానికి నేను. ఒక్క మాట కూడా నా వైపుకి వంచి చెప్పలేదు. వంచడానికి ఎంత వీలుందో నాకే తెలుసు.

అన్నీ రాశాక, అడుగున ఒక షరతు నా సొంతంగా చేర్చాను. పిండి సంగతిలో అవ్వ మాటే ఆఖరు మాట అయినా, పాకలోకి వచ్చి ఏ విషయం మీదైనా వాదించే హక్కు నాకు ఉంటుందని. షావుకారు అది చదివి కనుబొమలు ఎగరేశాడు. కొట్టెయ్యలేదు. మామ్మకి చెప్పండి, ఆమె ఏమంటే అదే అన్నాడు. చెప్పాను.

అవ్వ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"వాదించనీ," అంది. "నోటికి పనుంటే చెయ్యి కుండలకు పోదు."

షావుకారుకి ఆ మాట కూడా నేనే తెలుగు చెయ్యాల్సొచ్చింది. చేశాను, ఒక్క ముక్క తగ్గించకుండా. ఆయన సంతకం పెట్టి కాగితం నావైపు తోశాడు. అవతలి పాకలో నూరుడు రాళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.